దింపుడు కళ్లం బంకు

పెట్రోలు పోయి, దేశమంతా మన గ్యాసు మీదే తిరుగుతున్న రోజులు. నాన్నని శ్మశానానికి తీసుకెళ్తుంటే దారిలో శవం బండికి గ్యాసు అయిపోయింది. బంకులో మా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది.

"అందరూ దిగాలండి," అన్నాడు బంకువాడు. దిగాం. గొట్టం తగిలించాడు. గ్యాసు ఎక్కలేదు.

"లోపల ఇంకా మనిషున్నాడంటందండి మిషను."

"ఆయన పోయారయ్యా!"

"పోయినా దింపాలండి. రోజూ ఉండేదేనండి. అందుకే చోటు కూడా కట్టాం."

'మన నేల, మన గ్యాసు' అన్న బోర్డు కింద సిమెంటు అరుగు. దానిమీద పచ్చరంగుతో 'దింపుడు కళ్లం' అని రాసుంది. పాడె దించాం.

"దించాక పిలవకుండా ఎత్తకూడదురా. చెవిలో మూడుసార్లు పిలు," అన్నాడు బాబాయ్.

ఈ బంకు కట్టింది మా కొబ్బరితోటలోనే. గ్యాసు పడిందని లాక్కుని కంచె వేశారు. బతికున్నన్నాళ్లూ నాన్నని లోపల కాలు పెట్టనివ్వలేదు.

చెవి దగ్గరికి వంగాను.

"నాన్నా, లే. మన తోటలోకి రానిచ్చారు."