పక్కసీటు

“అద్దాలు మాత్రం దించను మేస్త్రీ. ఆయనకి దుమ్ము పడదు.”

ఓపుని మేస్త్రీ పానా కింద పెట్టి కారు పక్కసీటు వైపు చూశాడు. సీటు ఖాళీ. కారు ద్వోమోది. ఆయన పోయి ఐదు నెలలైందని కుమాసీలోని ఈ మెకానిక్కుల పేటలో అందరికీ తెలుసు, పెళ్ళాం ఫోసువాకి తప్ప.

“పోయినవాడికి దుమ్మేమిటమ్మా?”

“పోయాడని మీరంటారు. అద్దాలెత్తి బండి తీశానా, పావుగంట తిరక్కుండా వచ్చి పక్కన కూర్చుంటాడు. నిన్న నా చెయ్యి పట్టుకున్నాడు కూడా. బండి దగ్గుతోంది, మాంపాంగ్ గట్టు ఎక్కనంటోంది. ఆ దగ్గొక్కటీ తగ్గించండి చాలు. ఇంకేదీ ముట్టుకోకండి.”

“బాగుంది. దగ్గుకి మందివ్వు, జ్వరం జోలికి పోకు అన్నట్టుంది,” అని గొణుక్కుంటూ మేస్త్రీ లోపల కూర్చున్నాడు. ఆమె చెప్పినట్టే అద్దాలెత్తి ఇంజను వేశాడు.

బయట ఎడారి నుంచి వీచే హర్మటాన్ గాలి, దాని దుమ్ము. మిట్టమధ్యాహ్నమే సూర్యుడు పాలిపోయాడు. ఎదురు షెడ్డు కూడా కంటికి ఆనడం లేదు. సుత్తిదెబ్బలు దూదిలోంచి వస్తున్నట్టు మెత్తగా వినిపిస్తున్నాయి. అలాంటి వేళ ఏది ఉందో ఏది లేదో చెప్పడం ఎవరి తరం?

ఇంజను దగ్గుతూనే ఉంది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ. మేస్త్రీ చెవి రిక్కించి కూర్చున్నవాడల్లా చాలాసేపటికి మెల్లగా వెనక్కి వాలాడు. ముడిపడ్డ కనుబొమలు విడిపోయాయి. పక్కసీటు వైపు తిరిగి నవ్వుతూ ఏదో మాట్లాడసాగాడు. ఫోసువాకి ఒళ్ళు మండింది. నా మొగుడితో ఈయనకేం మాటలట!

అద్దానికి చెవి ఆనించింది. “అబ్రెఫీ... అబ్రెఫీ...” అంటున్నాడు.

అద్దం మీద తట్టింది. పలకలేదు. తలుపు లాగి, అతని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చింది. మేస్త్రీ తూలుతూ వచ్చి పాత టైరు మీద కూలబడి చెంబెడు నీళ్ళు గటగటా తాగాడు.

“అబ్రెఫీ ఎవరు?”

“నా భార్య. పోయి మూడేళ్ళు. పక్కనే కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కల్లోకైనా రాలేదు తెలుసా?” మొహం తుడుచుకుని లేచాడు. గొంతు మారింది. “చూశావా మరి? నీకు నీ మొగుడు, నాకు నా పెళ్ళాం. ఎవరికి కావలసిన దయ్యం వాళ్ళకొస్తుందా ఎక్కడైనా? ఇది పొగ.”

బానెట్ ఎత్తాడు. ఇంజను నడుస్తుండగానే గాలి సెన్సర్ వైరు పీకాడు. దగ్గు ఆగింది. మళ్ళీ పెట్టాడు. దగ్గు మొదలు.

“దొరికింది దొంగ. ఇంజను ఎంత గాలి పీలుస్తోందో చెప్పడం దీని పని. ఇదేమో గోరంతని కొండంత చేసి చెబుతోంది. ఇంజను నమ్మేసి పెట్రోలు పూటుగా తాగుతోంది. అరక్క కక్కిన విషప్పొగంతా కింద గొట్టానికున్న చిల్లులోంచి నీ మీదికొస్తోంది.”

“చిల్లు లేని కారేది ఈ పేటలో?”

“నా డొక్కుకీ ఉందిలే. కానీ నా ఇంజను అబద్ధాలు వినదు. ఇంకో నెల ఇలా తిరిగావంటే ఆయన రావడం కాదు, నువ్వే పోతావు ఆయన దగ్గరికి.”

“పోతే పోతాను! ఉన్నదొక్కటే నాకు, ఆ పావుగంట.” ఫోసువా ఏడ్చేసింది.

“ఆ పాపం నా చేత చేయించకు తల్లీ,” అంటూ మేస్త్రీ సెన్సర్ ఊడదీశాడు. దాని మీద ఓ పక్కగా రెండు గీతలు, ఒక చుక్క గీకి ఉన్నాయి. “ఇదేమిటి?”

“ఆయనే గీకాడు. మెకానిక్కులు సామాన్లు మార్చేస్తారని బండిలో ప్రతిదానికీ గుర్తు పెట్టాడు.”

“ఎవర్నీ నమ్మేవాడు కాదన్నమాట.”

“నన్ను నమ్మేవాడు. మిమ్మల్నే నమ్మలేదు.”

మేస్త్రీ వేరే సెన్సర్ బిగించాడు. పక్క షెడ్డువాణ్ణి పిలిచి చిల్లుకి అతుకు వేయించాడు. ఊడదీసిన పాత సామాను యజమాని చేతికివ్వడం ఆ పేట ఆచారం. అది ఇస్తేనే పని జరిగినట్టు. అటు తిరిగి కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఫోసువా దాన్ని గుండెలకి హత్తుకుంది. ఊరినిండా మెకానిక్కులే, రేపెవడి చేతనైనా మళ్ళీ పెట్టించుకుంటే సరి.

బండి మాంపాంగ్ గట్టు ఊదినంత తేలిగ్గా ఎక్కేసింది. అద్దాలు ఎత్తే ఉన్నాయి. పావుగంట అయింది, అరగంట అయింది. సీటు సీటులాగే ఉంది. గట్టు మీద బండాపి, దుమ్ములో కలిసిపోయిన ఊరిని చూస్తూ వెక్కివెక్కి ఏడ్చింది. రేపటిదాకా ఆగడం తన వల్ల కాదనుకుని కాగితం విప్పింది.

అటు తిప్పింది, ఇటు తిప్పింది. గీతల్లేవు. చుక్క లేదు.

“ఓరి నీ దుంప తెగ! మా ఆయన అననే అన్నాడు,” అంటూ బండి వెనక్కి తిప్పింది. దారి పొడవునా తిట్లు పోగేసుకుంది.

షెడ్డులో మేస్త్రీ లేడు. వెనక నుంచి దగ్గు వినిపించింది. ఆమె బాగా ఎరిగిన దగ్గే. పరిగెత్తింది. మేస్త్రీ డొక్కు కారు నల్లగా పొగ కక్కుతోంది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. పక్కసీటు మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. మేస్త్రీ తల అటు వాల్చి నవ్వుతున్నాడు.

పోగేసిన తిట్లన్నీ మరిచిపోయి ఫోసువా తలుపు భళ్ళున లాగింది. చెయ్యి చాపి ఇంజను ఆపి, భుజం పట్టుకుని కుదిపింది.

మేస్త్రీ కళ్ళు సగం తెరిచాడు.

“తలుపెయ్యమ్మా,” అన్నాడు బతిమాలుతున్నట్టు, “ఆవిడకి దుమ్ము పడదు.”