మామగారి టేబుల్ మీద రెండు కార్డులు

ఆ ఇంట్లో పెద్దల్లుడి మాట ఏనాడూ నెగ్గలేదు. ఇందులో వాదనకేమీ లేదు.

ఈసారీ నెగ్గేలా లేదు. మామగారి టేబుల్ మీద రెండు గ్రాఫిక్స్ కార్డులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పెద్దల్లుడు తెచ్చింది. రెండోది ఎవరూ అడక్కుండానే చిన్నల్లుడు తెచ్చింది.

మామగారు ఇళ్ల ప్లాన్లు గీసేవారు. పని మానేసినా చెయ్యి ఊరుకోదు. ఎవరూ కట్టించుకోని ఇళ్లు కంప్యూటర్లో కడుతుంటారు. ఇంతకాలం కార్డు లేకుండా, కంప్యూటర్ లోపలి బోర్డు తనంతట తాను చూపించే బొమ్మతోనే నెట్టుకొచ్చారు. కట్టిన ఇంట్లో నడవబోతే బొమ్మ ఆగి ఆగి కదులుతోందని, మంచి కార్డు చూసిపెట్టమని పెద్దల్లుడికి ఫోన్ చేశారు.

భార్య పోయాక పెద్దల్లుడికి ఆ గడప తొక్కడానికి ఏదో ఒక పని కావాలి. పని లేకుండా రమ్మని ఎవరూ అనలేదు. రావద్దనీ అనలేదు. అతనికి మాత్రం రావద్దన్నట్టే వినబడింది.

"మీది పాతబడింది అన్నయ్యగారూ," అన్నాడు చిన్నల్లుడు.

"పన్నెండు జీబీ మెమొరీ. నీదానికి ఎనిమిదే."

"మెమొరీ ఎక్కువుంటే ఏం లాభం? మీకూ ఎక్కువే ఉంది. పెళ్లిలో నేను మీకు నమస్కారం పెట్టలేదని ఇప్పటికీ చెబుతారు."

"పెట్టలేదుగా."

"నాది కొత్త రకం. వేగం ఎక్కువ, కరెంటు తక్కువ తాగుతుంది. అద్దంలో నీడలు కూడా లెక్కగట్టి చూపిస్తుంది."

"మరి దానికి మూడు ఫ్యాన్లెందుకు? దాన్ని చల్లబరచడానికా, నిన్నా?"

గుమ్మంలో నిలబడ్డ మరదలు, చిన్నల్లుడి భార్య, నవ్వింది. "బావా, మీ ఇద్దరికీ చెరో ఫ్యానూ తగిలిస్తే గొడవ చల్లారుతుంది."

పెద్దల్లుడు నవ్వలేదు. "మామయ్యా, రెండూ పెట్టి చూడండి. నాది ఓడితే దాన్ని పట్టుకుని వెళ్లిపోతాను. మళ్లీ ఈ గుమ్మం ఎక్కను."

మరదలి నవ్వు ఆగిపోయింది. అతను అన్నంత పనీ చేసే రకమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మామగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"సరే. కార్డులు మీరు బిగించండి. వైర్లు నేను పెడతాను. మీ ఇద్దరి చేతులూ పడితే నా కంప్యూటర్ డబ్బా మిగలదు."

ముందు చిన్నల్లుడి కార్డు. తెర మీద రెండంతస్తుల ఇల్లు, ముందు ఈత కొలను. వాకిట్లోంచి మేడ మీదికి నడక. సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో మూలన అంకె పడుతోంది. ఇరవై రెండు.

"నీళ్లు చూశారా, ఎలా మెరుస్తున్నాయో!"

"నేల తుడిచి ఆరబెట్టనట్టుంది."

తర్వాత పెద్దల్లుడి కార్డు. అదే ఇల్లు, అవే మెట్లు.

"ఇదీ మెమొరీ అంటే. గోడ చూడు. ఇటుక ఇటుకా కనిపిస్తోంది."

"కిటికీ అద్దం మసగ్గా ఉంది."

"అది మానిటర్ మీద నీ వేలిముద్ర."

మరదలు గుడ్డతో తుడిచింది. మసక పోయింది.

"మెట్ల దగ్గర కుదిపింది," అన్నాడు చిన్నల్లుడు పట్టు వదలకుండా.

"కుదిపింది నీ మోకాలు. టేబుల్‌కి దూరంగా జరుగు."

అంకె చూశారు. ఇరవై రెండు.

మళ్లీ మార్చారు. ఇరవై రెండు. ఇంకోసారి మార్చారు. అంతే.

"నీది ఆయాసపడుతూ తెచ్చింది," అన్నాడు పెద్దల్లుడు. "నాది నడుచుకుంటూ తెచ్చింది."

"ఇరవై రెండులో ఆయాసమేమిటండీ!"

"చెవులుంటే వినబడుతుంది. పోనీ మామయ్యా, ఇంతకుముందు ఇంత సాఫీగా ఉండేదా?"

"అబ్బే, ఎక్కడ!" అన్నారు మామగారు. "ఈడ్చుకుంటూ పోయేది."

ఇద్దరల్లుళ్లూ ఒకేసారి ఛాతీ విరుచుకున్నారు.

"రెండూ సమానం," అన్నారు మామగారు. "రెండూ ఉంచుతాను. ఒక నెల చిన్నల్లుడిది, ఒక నెల పెద్దల్లుడిది. ఎవరిది వాళ్లే వచ్చి బిగించాలి. నాకు చేత కాదు."

"ఇదేం తీర్పు మామయ్యా? నేను గెలవలేదు."

"ఓడలేదుగా. ఓడితే కదా రానన్నావు. లే, అన్నం చల్లారిపోతోంది."

పెద్దల్లుడు గొణుక్కుంటూ లేచాడు. తిన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. మరదలు ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టింది. మాట నెగ్గకపోయినా ఉప్పు నెగ్గింది.

నెల తిరిగింది. పెద్దల్లుడు తన కార్డు బిగించడానికి వచ్చాడు. మామగారు కుర్చీలో కునుకు తీస్తున్నారు. లేపడం ఎందుకని తనే డబ్బా వెనక్కి చెయ్యి పెట్టి, ఉన్న కార్డు నుంచి వైరు పీకబోయాడు. చెయ్యి తడిమింది. వంగి చూశాడు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

మామగారు ఒక కన్ను తెరిచారు. "ఏం పెద్దల్లుడూ, ఏమన్నా కనిపించిందా?"

"దుమ్ము."

"తుడుస్తావా?"

"నాకేం పని. ఉండనీండి."

తన కార్డు బిగించాడు. వైరు జోలికి పోలేదు. ఫోన్ మోగింది. చిన్నల్లుడు.

"ఎంత చూపిస్తోంది అన్నయ్యగారూ?"

"ఇరవై రెండు. వచ్చే నెల నువ్వు మానకుండా రా."

"ఎందుకు రానూ, ఈసారి మీ సంగతి తేలుస్తాను!"

పెద్దల్లుడు ఫోన్ పెట్టేసి భోజనానికి కూర్చున్నాడు.

మానిటర్ వైరు ఆ రోజూ ఈ రోజూ ఏ కార్డుకూ కాక పాత బోర్డుకే తగిలించి ఉందన్న మాట అతను ఇక జన్మలో ఎత్తడు.