నిషా దిగేదాకా

"వీపు మీద చెమట చుక్క లేదు. వీడు రాళ్లు మోసిండంటే నేను నమ్మాల్నా?"

రఘుపతి మేస్త్రి చేతికర్రతో మారయ్య వీపు మీద పొడిచాడు. నందికొండ డ్యాం పనిలో అతనికి ఒకటే కొలత. వీపు తడిసినవాడు కూలీ, తడవనివాడు పనిదొంగ. కూలోళ్ల దగ్గరికి పోవడం అతనికి నామోషీ. నాలుగడుగుల దూరాన నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తీర్పులు చెప్పేవాడు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో మారయ్య తూలుతున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. తనలో తాను ఏదో గొణుగుతున్నాడు.

"పొద్దుగాల చెమటలు కారినయి అయ్యా. ఇప్పుడు ఎండిపోయినయి," అంది అతని పెళ్లాం హనుమమ్మ. "పెయ్యి పెంక లెక్క కాలుతాంది. ఎండదెబ్బ గొట్టింది. గా తొట్టిల నీళ్లు జర మీద పొయ్యనియ్యి. లేకుంటే మనిషి దక్కడు."

తొట్టిలోవి కొత్త గోడను తడపడానికి పెట్టిన నీళ్లు.

"సర్కారు నీళ్లు నీ మొగని తానానికా? గోడ ఎండితే పగుల్తది. వీడు ఎండితే ఏం పోతది? గా ఊగుడు చూస్తె తాగినట్టున్నడు."

హనుమమ్మ ఏదో అనబోయి ఆగింది. మరుక్షణం మొగుడి మీదికి తిరిగింది.

"నీ కండ్లకు మన్ను గొట్టలేం మేస్త్రీ. పొద్దటి సంది సారా తాగిండు సిగ్గులేనోడు. వీని మొకం చూస్తెనే నాకు రోత." తుపుక్కున నేల మీద ఉమ్మింది.

కూలోళ్లు నోళ్లు తెరిచారు. మేస్త్రికి మాత్రం ప్రాణం లేచి వచ్చింది. పెళ్లామే ఉమ్మేసిన మొగుణ్ని చూడటం కన్నా ఆ వెధవకు వేడుక ఏముంది? తాగి పనికొచ్చినవాళ్లకు అతను పెట్టిన శిక్ష ఒకటుంది, అది కూలోళ్లందరికీ తెలుసు.

"లింగయ్యా, బీరన్నా, వీణ్ని ఎత్తి తొట్టిలెయ్యిండ్రి. నిషా దిగేదాక మెడ లోతుకు ముంచుండ్రి. అందరు చూడాలె."

సర్కారు నీళ్ల సంగతి అప్పుడు అతనికి గుర్తు రాలేదు.

హనుమమ్మ తొట్టి గట్టున కూర్చుని, నోటికొచ్చినట్టు తిడుతూ, మొగుడి నెత్తిన నీళ్లు పోస్తూనే ఉంది. చాలాసేపటికి మారయ్య గొణుగుడు ఆగింది. పెళ్లాన్ని పోల్చుకున్నాడు.

"దూపయితాంది," అన్నాడు ఆమె చేతిలోని నీళ్ల ముంత వైపు చూస్తూ.

ఆ అవమానాన్ని కళ్లారా చూద్దామని మేస్త్రి మొదటిసారి దగ్గరికొచ్చాడు. రుమాలు తీసి మారయ్య మొహం మీదికి వంగాడు. ముక్కు ఎగపీల్చాడు. మళ్లీ ఎగపీల్చాడు.

"ఏమే, సారా వాసన రాదేందే?"

హనుమమ్మ నీళ్ల ముంత మొగుడి నోటికి అందించింది.

"తాగితే గద మేస్త్రీ, వచ్చెటందుకు."