కోట నుంచి నాన్న గొంతు

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఇంకా తెల్లవారలేదు. రాజస్థాన్‌లో కొండకోట చూడ్డానికి అమ్మతో కలిసి వెళ్లిన నాన్న, శ్రీవిద్య సెల్‌కి ఫోన్ చేశారు.

"చిట్టితల్లీ, రాణీమహల్ కింద గదిలో ఇరుక్కుపోయాను. తలుపు మూసేశారు. ఊపిరాడట్లేదు."

"భయపడకు నాన్నా, అమ్మకి చెప్తా." సెల్ కట్ చేయకుండానే ల్యాండ్‌లైన్‌లో అమ్మకు కాల్ చేసింది.

"నాన్న బస్సులో నా పక్కనే ఉన్నారే! ఆయన సెల్ కోటలో పోయింది. ఉండు, ఇస్తాను."

"శ్రీవిద్యా, ఆ ఫోన్ పెట్టేయ్." ల్యాండ్‌లైన్‌లో అచ్చం నాన్న గొంతే.

కానీ నాన్న ఎన్నడూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు.

సెల్‌లో ఎవరో తలుపు బాదుతున్నారు. "తల్లీ, అమ్మ పక్కన ఎవరున్నారు?"

"అమ్మకివ్వండి," అంది శ్రీవిద్య ల్యాండ్‌లైన్‌లో.

"అమ్మ నిద్రపోయింది," అంది ఆ గొంతు.

సెల్‌లో తలుపు చప్పుడు కూడా ఆగిపోయింది.