పడవుండగా వంతెనెందుకు?

"వంతెన అక్కర్లేదండి. పడవుంది కదా" అన్నాడు కేశవరావు, రేవు దగ్గర వేసిన టెంటు కింద మైకు పట్టుకుని.

అచ్చాయమ్మకు ఒళ్ళు మండింది. ఆ పడవ తనది. ఇరవై రెండేళ్ళుగా ఈ కాలవలో గెడ వేసి దాన్ని నడుపుతున్నది తను. వంతెన వద్దనడానికి ఈ పెద్దమనిషికి తన పడవే దొరికిందా?

జనం మధ్యలోంచి లేచింది. మైకు అడిగితే ఎవరూ ఇవ్వలేదు. గొంతే పెంచింది.

"పడవలో ఓసారికి రెండు సైకిళ్ళే పడతాయండి. అవతల హైస్కూలుకెళ్ళే ఆడపిల్లలు ముప్పై మంది. ఆఖరి పిల్ల దాటేసరికి రెండో పీరియడ్ అయిపోతోందండి. మొన్న వరదకి తొమ్మిది రోజులు పడవ కట్టేసేను. నా మనవరాలు ఉమామహేశ్వరికి పరీక్షలు పోయేయి. మేవడిగేది నడవడానికీ, సైకిళ్ళు పోడానికీ చిన్న వంతెనండి. లారీలు తోలుకుంటామన్లేదు."

"వంతెనొస్తే నీ పడవెవరెక్కుతారు అచ్చాయమ్మా? నీ నోట్లో నువ్వే మట్టి కొట్టుకుంటావా?" కేశవరావు నవ్వాడు.

"నా నోటి సంగతి నేను చూసుకుంటానండి."

ఎంత జాలో ఆయనకి! వంతెన అవతలి కొస ఆయన కొబ్బరితోటలో దిగుతుంది. ఆరు చెట్లు పోతాయి. ఊరందరికీ తెలిసిన సంగతే. మొహాన అనే మగాడే లేడు.

రాజోలు నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు ఫైలు తిరగేశాడు. "పడవ నడుస్తున్న చోట వంతెన ఇప్పట్లో ఇవ్వరమ్మా. పడవ కూడా లేని ఊళ్ళకే ముందు. నేను రాయాల్సిందల్లా ఇక్కడ పడవ ఉందా, లేదా అనే."

"ఉందని రాసెయ్యండి" అన్నాడు కేశవరావు హుషారుగా. "రండి, ఎక్కి చూద్దురుగాని. పోయే చెట్లు కూడా చూపిస్తాను."

అచ్చాయమ్మ పడవ తాడు విప్పింది. ఇద్దరినీ ఎక్కించుకుని గెడ వేసింది. కాలవ నిండుగా పారుతోంది. అవతలి రేవులో మోకాలి లోతు బురద. కేశవరావు పంచె ఎగ్గట్టి దిగాడు. ఇంజనీరు తన బూట్లకేసి చూసుకుని పడవలోనే ఉండిపోయాడు.

"ఇవిగోనండి, ఆరూ కాపు చెట్లే" అంటూ కేశవరావు గట్టెక్కి ఒక్కో చెట్టునీ తట్టి చూపిస్తున్నాడు. ఆయన వీపు ఇటు తిరగగానే అచ్చాయమ్మ గెడతో గట్టునొక్క తోపు తోసింది.

"అదేంటమ్మా, ఆయన్ని వదిలేశావు?"

"కదలకండి బాబూ. పడవ ఒరిగిపోద్ది."

ఇవతలి గట్టున ఇంజనీరును చెయ్యి పట్టుకుని దింపింది. తర్వాత వంగి, పడవ అడుగున చెక్కల సందులో తారు పూసి కుక్కిన పాత గుడ్డల్ని బరబరా పీకేసింది. ఇన్నేళ్ళూ తిండి పెట్టిన పడవ. ఏడుపొచ్చింది. అయినా ఆగలేదు. కాలితో ఒక్క తాపు తన్నింది. పడవ నడి కాలవలోకి పోయి, నీళ్ళు నిండి, గుడగుడమంటూ మునిగిపోయింది.

గట్టు మీద జనం రేవులోకి ఉరికొచ్చారు.

"ఏం చేశావమ్మా నువ్వు?" అన్నాడు ఇంజనీరు.

"పడవుందా లేదా అనడిగేరు కదండి. లేదని రాయండి."

అప్పటికి ఆరో చెట్టు గొప్ప కూడా చెప్పడం అయిపోయి కేశవరావు ఇటు తిరిగాడు. పడవ లేదు. ఆయన కారు ఇవతల ఉంది, తాళం ఆయన జేబులో ఉంది. లాకుల మీదుగా చుట్టూ తిరిగొస్తే పదకొండు కిలోమీటర్లు. బురదలోకి రెండడుగులు వేసి, భయపడి వెనక్కి పోయి, ఊరంతా వినేలా కేకేశాడు.

"అచ్చాయమ్మా, నేనిటు రావడం ఎలాగా?"

అచ్చాయమ్మ కళ్ళు తుడుచుకుని ఇంజనీరు వైపు తిరిగింది.

"విన్నారు కదండి బాబూ. వంతెన కావాలన్నవాళ్ళలో మొదటి పేరు ఆయనదే రాసుకోండి."