ఆఖరి రీలు

కొత్త దెయ్యం సినిమా, మొదటి రోజు. తెరమీద దెయ్యం అద్దంలోంచి చెయ్యి చాపేసరికి హాలు హాలంతా కెవ్వుమంది. మెలితిప్పిన మీసాలవాళ్లు సైతం పక్కవాళ్ల ఒళ్లోకి ఎగబాకారు. ఆఖరి రీలుకల్లా చెప్పులు కూడా వదిలేసి అందరూ పరుగో పరుగు!

పైన కేబిన్‌లో ఆపరేటర్ కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. తన మిషన్ ఆగితే దెయ్యం కూడా ఆగాల్సిందే కదా!

"బావా, లోపల ఒక్క నరపురుగు లేదు. తలుపులు కూడా వేసేశా. ఇక ఆపెయ్!" అని గేటు దగ్గర్నుంచి బావమరిది అరిచాడు.

ఆపరేటర్ మిషన్ కట్టేశాడు. హాలు చీకటైపోయింది. ఆ నిశ్శబ్దంలో ముందు వరుసలోంచి హుషారుగా ఒక ఈల వినిపించింది. వెనకే, ఇంతసేపూ తెరమీద ఏడ్చిన ఆ దెయ్యం గొంతే, గారాలు పోతూ అడిగింది:

"అన్నయ్యా, వన్స్ మోర్!"