మడ్‌గార్డు మీద రొట్టె

"పడుకో నాయనా, దుప్పటి తెమ్మంటావా?" మోటార్‌సైకిల్ రేసు ట్రాక్ మీద ఆఖరున వస్తున్న నీలం హెల్మెట్ వ్రోనాని చూసి జెనన్ అరిచాడు.

"నాన్నా, పోలండ్ మొత్తం టీవీలో చూస్తోంది," అంది పక్కనున్న కూతురు యగోద.

"చూడనీ. ఆ వ్రోనా ఇంజిన్‌కి నేనూ డబ్బిచ్చాను. తెల్లారకముందే లేచి పిండి పిసికిన డబ్బు. ముందున్న ఎర్ర హెల్మెట్ చూడు, అతనూ మన జట్టే, స్వీడన్ నుంచి తెచ్చుకున్నవాడు. ఇంజినంటే అదీ. మనవాడిది పిండిమర."

రేసు ముగిసింది. గెలిచిన స్వీడన్ వాడు బండి నెమ్మది చేసి వాళ్ళ ముందునుంచే వెళ్ళాడు. యగోద పొద్దుతిరుగుడు గింజలు నమలడం ఆపేసింది.

"నాన్నా, ఆ బండి మీద మన బేకరీ బొమ్మ ఉందేంటి?"

వెనక మడ్‌గార్డు మీద, మట్టి కింద, రొట్టె బొమ్మ. జెనన్ తన చేత్తో వ్రోనా బండికి అంటించిందే.

"స్వీడన్ అతని బండి మొరాయించినట్టుంది," అంది యగోద మెల్లగా. "జట్టు గెలవాలని వ్రోనా తన బండి ఇచ్చేసి, పాతదెక్కాడు."

జెనన్ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

పోటీలన్నీ అయ్యాక ఆటగాళ్ళు కంచె పొడవునా అభిమానుల చేతులు తాకుతూ వచ్చారు. జెనన్ జనం వెనక్కి నక్కాడు. వ్రోనా వెతికి మరీ చెయ్యి చాచాడు.

"ఎక్కడ దాక్కున్నావు బాబాయ్? మన రొట్టె ఫస్టొచ్చింది. నువ్వు చూశావో లేదోనని."

ఇందాకటిదాకా స్టేడియమంతా వినబడేలా అరిచిన జెనన్, "చూశాను" అని గొణిగి ఆ చెయ్యి పట్టుకున్నాడు.